హోర్డింగు మీద కల

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీదుగా ప్రకాశం బ్యారేజీ వైపు వెళ్తుంటే దారి పొడవునా కనిపించే ప్రకటనలు నాలుగైదు రకాలకు మించవు. ఒంటినిండా నగలతో పక్కకు చూసి నవ్వే పెళ్లికూతురు. పాస్‌పోర్ట్ ఫొటోల్లా వరసలు వరసలుగా పేర్చిన పిల్లల ముఖాలు, ఒక్కో ముఖం కింద ఒక్కో ర్యాంకు. నీలాకాశం కింద ఇంకా పునాది పడని అపార్టుమెంటు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, మధ్యలో ఆయన నిలువెత్తు బొమ్మ, చుట్టూ శుభాకాంక్షలు చెప్పేవాళ్ల తలకాయలు. అన్నీ గొంతు చించుకుని పిలుస్తూనే ఉంటాయి. సిగ్నల్ పడి బండి కదిలాక వాటిలో ఒక్కటీ మనసులో మిగలదు.

ఇదే వరసలో ఒక బోర్డు మీద మామూలు వంటిల్లు ఉందనుకుందాం. గట్టు మీద స్టీలు గ్లాసు. ఆ గ్లాసు అంచు మీంచి సన్నటి కాలువ దిగి, గడప దాటి, వీధిలోకి పారుతోంది. కాలువలో ఒక పడవ. అంతే. ఆఫర్ లేదు, నవ్వే ముఖం లేదు. అయినా చూపు అక్కడ ఆగుతుంది. ఎక్కడో తేడా ఉంది, ఆ తేడా ఏమిటో తేల్చుకునేదాకా మనసు దాన్ని వదిలిపెట్టదు. సర్రియలిస్టు చిత్రకారుల దగ్గర ప్రకటనల పరిశ్రమ ఇన్ని దశాబ్దాలుగా అప్పు తెచ్చుకుంటున్నది ఈ తేడానే. సర్రియలిజానికి తెలుగులో అధివాస్తవికత అని పేరు. శ్రీశ్రీ కాలం నుంచి కవిత్వంలో వినబడుతున్న మాటే ఇది. బొమ్మల్లో, ముఖ్యంగా అమ్మకపు బొమ్మల్లో అది ఏం చేస్తుందన్న చర్చ మాత్రం మన దగ్గర పెద్దగా లేదు.

ఈ ఉద్యమం పుట్టింది సరుకు అమ్మడానికి కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, ఫ్రాన్సులోని సెంట్ డిజియే పట్టణంలో మనసు చెదిరిన సైనికులకు వైద్యం చేసే ఆసుపత్రిలో ఆంద్రే బ్రెటన్ అనే వైద్య విద్యార్థి పనిచేశాడు. ఫిరంగుల మోతకు మతి తప్పిన మనుషులు మాట్లాడే పొంతనలేని మాటలు రోజూ విన్నాడు. ఆ మాటల్లో అర్థం లేదని కొట్టిపారేయలేకపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1924లో, పారిస్ నుంచి అతని సర్రియలిస్టు మానిఫెస్టో వచ్చింది. కలనూ మెలకువనూ ఒకచోట చేర్చాలన్నది దాని కోరిక. లాభనష్టాల లెక్క చూసుకునే బుద్ధి యూరప్‌ను యుద్ధంలోకి దింపిందని నమ్మినవాళ్లు, ఆ బుద్ధికి అందని చోటు కోసం వెతికారు.

19వ శతాబ్దపు ఫ్రెంచి కవి లోత్రేమాన్ రాసిన ఒక ఉపమానాన్ని వాళ్లు మంత్రంలా పట్టుకున్నారు. శవాన్ని కోసే బల్ల మీద ఒక కుట్టుమిషను, ఒక గొడుగు అనుకోకుండా కలుసుకున్నంత అందం అన్నది ఆ ఉపమానం. మూడూ ఊళ్లో అందరూ ఎరిగిన వస్తువులే. కొమ్ముల రాక్షసులు లేరు, రెక్కల గుర్రాలు లేవు. వింతంతా ఆ వస్తువులు ఉన్న చోటులో ఉంది. కల్పిత లోకానికీ అధివాస్తవికతకూ తేడా ఇక్కడే. పౌరాణిక చిత్రం చూసేవాడిని వేరే లోకానికి తీసుకెళ్తుంది. సర్రియలిస్టు బొమ్మ వాడిని వాడింట్లోనే ఉంచి, కుర్చీని మాత్రం ఎక్కడికో జరుపుతుంది.

ఈ పద్ధతిని అందరికంటే శుభ్రంగా వాడినవాడు బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్. ఆయన బతుకుతెరువే ప్రకటనలు. 1920ల మొదట్లో బ్రసెల్స్‌లో గోడలకు అంటించే రంగు కాగితాల కంపెనీలో డిజైన్లు గీశాడు. 1930లలో తమ్ముడితో కలిసి ఇంటి వెనక చిన్న స్టూడియో పెట్టి పోస్టర్లు వేశాడు. ఆ పని మీద ఆయనకు గౌరవం లేదు, బుద్ధితక్కువ పని అనేవాడు. కాని ఆయన చిత్రాలను దగ్గరగా చూస్తే ఆ చేతి అలవాటు కనిపిస్తుంది. గీత చదునుగా, స్పష్టంగా ఉంటుంది. పైపు పైపులాగే, ఆపిల్ ఆపిల్‌లాగే ఉంటుంది. కుంచె విన్యాసం ఎక్కడా కనపడదు. సైన్‌బోర్డు రాసేవాడి నిదానంతో వేసిన బొమ్మ కాబట్టే, దాని కింద "ఇది పైపు కాదు" అని రాసినప్పుడు చూసేవాడి కాళ్ల కింద నేల కదిలింది. ఆ చిత్రం 1929 నాటిది. 1966లో బెల్జియం విమాన సంస్థ సబేనా కోసం ఆయన ఒక పక్షిని గీశాడు. రాత్రి ఆకాశంలో ఎగురుతున్న ఆ పక్షి ఒంటినిండా పగటి మబ్బులు. ప్రయాణం, రాత్రి బయల్దేరి తెల్లవారి మరో దేశంలో దిగడం, ఆకాశం మీద భరోసా, ఇవన్నీ ఒక్క అక్షరం లేకుండా అందులో ఉన్నాయి. ప్రకటన కోసం తయారైన సర్రియలిస్టు బొమ్మల్లో ఇంతకు మించినది చూపించడం కష్టం.

స్పెయిన్ చిత్రకారుడు సాల్వదోర్ డాలీ దారి వేరు. మాగ్రిట్ తప్పక చేసిన పనిని ఈయన ఇష్టపడి చేశాడు. మేజోళ్లు, చాక్లెట్లు, కడుపుమంట మాత్రలు, దేనికీ కాదనలేదు. బ్రెటన్‌కు ఒళ్లు మండి, అతని పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి డాలర్ల మీద ఆశపడేవాడు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. చూపా చుప్స్ లాలీపాప్ గుర్తును 1969లో గీసింది డాలీయే. గుర్తును పక్కన కాకుండా మిఠాయి నెత్తిమీద వేస్తే ఎప్పుడూ నిండుగా కనిపిస్తుందని చెప్పిందీ ఆయనే. కలల చిత్రకారుడికి కొట్టు గల్లా దగ్గర సరుకు ఎలా కనపడాలో ఇంత బాగా తెలుసు.

మన దేశానికీ డాలీకీ ఒక ముడి ఉంది. 1967లో ఎయిర్ ఇండియా ఆయన చేత ప్రయాణికులకు కానుకగా ఇవ్వడానికి పింగాణీ యాష్‌ట్రే డిజైన్ చేయించింది. అందులో హంసను తలకిందులు చేస్తే ఏనుగు తల అవుతుంది. డబ్బుకు బదులు ఏనుగు పిల్ల కావాలని డాలీ అడిగాడు, సంస్థ బెంగళూరు నుంచి ఒక గున్నను విమానంలో పంపింది. హంసలోంచి ఏనుగు రావడం యూరప్‌కు వింత. ఇటువైపు దేవాలయాల మీద ఒకే తలను రెండు జంతువులు పంచుకునే శిల్పాలు ఎప్పటినుంచో ఉన్నాయి. తమిళనాడులోని దారాసురం గుడిలో ఎద్దునూ ఏనుగునూ అలా కలిపి చెక్కినది ఇప్పటికీ చూడొచ్చు. ఇంకా దగ్గరికి వస్తే, గుంటూరు పక్కనే అమరావతి స్తూపం పలకల మీద బుద్ధుడి తల్లి మాయాదేవి కల ఉంది. పడుకున్న రాణి, ఆమె వైపు దిగివస్తున్న ఏనుగు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ కలల మీద పుస్తకం రాయడానికి పదహారు వందల ఏళ్లకు పైగా ముందే, కృష్ణ ఒడ్డున, ఒక మతాన్ని జనంలోకి తీసుకెళ్లే పనిలో ఒక కలను రాతి మీద ఊరందరికీ కనిపించేలా నిలబెట్టారు.

ఈ పోలికను సాగదీసి సర్రియలిజం మనదే అనడం సరికాదు. అమరావతి శిల్పికి ఆ కల నిజం, అందులో పొంతన చెడినదేమీ లేదు. కాని ఆ వారసత్వం చూసేవాడి కంటిని తయారుచేసిందన్నది మాత్రం నిజం. దాని ఫలితం ప్రకటనల మీద ఎలా పడుతుందో చూసేముందు, అసలు ఇలాంటి బొమ్మ పనిచేసే తీరు తెలియాలి.

వరసలో ఒకటి మిగతావాటికి భిన్నంగా ఉంటే అదే ఎక్కువ గుర్తుంటుందని జర్మన్ పరిశోధకురాలు హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లో ప్రయోగాలతో చూపించింది. ఇది సగం కారణమే. భిన్నంగా ఉండటానికి రంగు మార్చినా చాలు. సర్రియలిస్టు బొమ్మ ఇంకో పని చేస్తుంది, చిక్కుముడి వేసి, విప్పే పని చూసేవాడికి వదిలేస్తుంది. విప్పినవాడికి అది తన సొంత ఆలోచన అనిపిస్తుంది. 1938లో సర్రియలిస్టు కళాకారుడు మాన్ రే లండన్ రవాణా సంస్థకు వేసిన పోస్టరులో ఒకవైపు శనిగ్రహం, పక్కనే సంస్థ గుర్తు. గోళం చుట్టూ వలయం, వృత్తానికి అడ్డంగా పట్టీ. నగరాన్ని నడిపిస్తున్నది మేమే అన్న మాట ఉంది గాని, గ్రహం సంగతి ఎవరూ చెప్పరు. రైలు కోసం నిలబడ్డ ప్రయాణికుడే ఆ రెండింటినీ కలుపుకుంటాడు.

మన అలంకార శాస్త్రంలో ఈ పనిముట్లకు పేర్లున్నాయి. కారణం ఒకచోట ఉండి ఫలితం మరోచోట కనిపిస్తే అసంగతి. కారణం లేకుండానే ఫలితం కనిపిస్తే విభావన. పైకి విరుద్ధంగా ఉండి లోపల పొసిగితే విరోధాభాస. మన ప్రకటనలకు బాగా తెలిసిన అలంకారం మాత్రం అతిశయోక్తి ఒక్కటే. జనం కిక్కిరిసి వేలాడుతున్నా గతుకుల దారిలో ఒక్కడూ జారిపడని ఫెవికాల్ బస్సు మంచి అతిశయోక్తి. హ్యాపీడెంట్ చూయింగ్ గమ్ ప్రకటనలో మనుషులు పళ్లతోనే రాజభవనానికి దీపాలై వెలగడం అలా కాదు. అక్కడ పళ్లు దీపాల్లా ఉన్నాయని అనడం లేదు, మనుషులు దీపాల ఉద్యోగం చేస్తున్నారు, ఆలస్యమైతే పరుగెత్తుకుంటూ డ్యూటీకి వస్తున్నారు. ఆ ఒక్క అబద్ధం తప్ప మిగతాదంతా నమ్మదగినట్టు ఉంది. భారతీయ ప్రకటనల్లో అధివాస్తవికత అనిపించుకోదగిన కొద్దిపాటిలో అది ముందుంటుంది.

ఈ కళ ఎక్కువగా వికసించింది మాత్రం చాలా చెడ్డచోట. బ్రిటన్‌లో 1970లలో సిగరెట్ ప్రకటనల మీద ఆంక్షలు బిగిశాయి. పొగతాగడాన్ని ఆరోగ్యంతో, యవ్వనంతో, విజయంతో ముడిపెట్టకూడదు. మరి ఏం చూపించాలి? బెన్సన్ అండ్ హెడ్జెస్ సిగరెట్ల కోసం 1977లో మొదలైన ప్రచారం ఆ ప్రశ్నకు మాగ్రిట్ భాషలో జవాబు చెప్పింది. చిలక ఉండాల్సిన పంజరంలో బంగారు రంగు ప్యాకెట్. ఎడారిలో పిరమిడ్ల సరసన మరో పిరమిడ్‌లా ప్యాకెట్. ఎలుక కన్నం ముందు ప్యాకెట్. తాగమని ఎవరూ చెప్పలేదు, తాగేవాడి బొమ్మ కూడా లేదు. 1980లలో సిల్క్ కట్ అనే మరో సిగరెట్ బ్రాండు ఇంకా ముందుకు వెళ్లింది. ఊదారంగు పట్టుగుడ్డ, దాని మీద ఒక కోత. కత్తి లేదు, చెయ్యి లేదు. నికార్సైన విభావన. చివరికి బ్రాండు పేరు కూడా తీసేశారు. బోర్డు మీద మిగిలిన అక్షరాలు ప్రభుత్వం రాయించిన ఆరోగ్య హెచ్చరికవి, ఆ హెచ్చరిక వల్లే ఇది సిగరెట్ ప్రకటన అని జనం పోల్చుకునేవాళ్లు.

ఆ బొమ్మల పనితనాన్ని కాదనలేం. కాని అవి ఎవరి ఊపిరితిత్తుల మీద నిలబడ్డాయో మరిచిపోకూడదు. చెప్పిన మాటను పట్టుకుని ఇది అబద్ధం అని నిలదీయవచ్చు. బొమ్మ ఏమీ చెప్పనప్పుడు నిలదీయడానికి ఏముంది? నిబంధనలన్నీ మాటలకు కాపలా కాస్తున్నప్పుడు, కోరిక మాటలు లేని కలలోంచి బయటికి నడిచింది. కలలో అణచిపెట్టినది వేషం మార్చుకుని వస్తుందన్న ఫ్రాయిడ్ మాట ఇక్కడ అక్షరాలా జరిగింది, అణచినది చట్టం, వేషం వేసింది వ్యాపారం. మన దేశంలో 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను చాలావరకు మూసేసింది, 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక తప్పనిసరైంది. అయినా మద్యం బ్రాండ్ల పేర్లు సోడా పేరుతో, మంచినీళ్ల పేరుతో తెరమీదికి వస్తూనే ఉన్నాయి. అదీ వేషమే, కాని దానికి ఊహ ఖర్చు కాలేదు. గుంటూరు జిల్లా ఒకప్పుడు పొగాకు కోసం ప్రపంచం పేరు పెట్టి పిలిచిన జిల్లా. పట్టుగుడ్డ మీద కోత ఎంత అందంగా ఉన్నా, దాని అవతలి కొసన ఏ పంట ఉందో ఇక్కడి పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు.

పోలెండులో కథ మరోలా నడిచింది. 1950ల నుంచి అక్కడ సినిమా పోస్టర్లు వేయించింది ప్రభుత్వ సంస్థలు. టికెట్లు తెగాలన్న ఒత్తిడి తక్కువ, తార ముఖం పెద్దదిగా ఉండాలన్న షరతు లేదు. రోమన్ చెస్లేవిచ్, యాన్ లెనిత్సా, ఫ్రాన్సిషెక్ స్టారోవియెస్కి లాంటివాళ్లు సినిమా కథను వదిలేసి, అది కలలో వస్తే ఎలా ఉంటుందో వేశారు. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు కిటకిటలాడిన రోజుల్లో అలాంటి పోస్టరు గోడెక్కే అవకాశమే లేదు. కృష్ణా ఏరియా, గుంటూరు ఏరియా అని హక్కులు కొన్నవాడికి హీరో ముఖం కనపడాలి, మైదా జిగురు ఆరకముందే జనం ఆ ముఖాన్ని గుర్తుపట్టాలి. అయినా ఆ వీధులు అధివాస్తవికతకు దూరంగా ఏమీ లేవు. కరెంటు స్తంభాలను మించిన కటౌట్, దాని కాళ్ల దగ్గర మిరపకాయ బజ్జీల బండి, దాని నెత్తిన పాలు పోస్తున్న కుర్రాళ్లు. ఎవరూ ఉద్దేశించి గీయని సర్రియలిస్టు చిత్రం అది.

ఇక మన కంటి సంగతి. కృష్ణ అవతల ఉండవల్లి గుహల్లో ఒకే రాతిలో మలిచిన అనంతశయనుడు పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నవాడి బొడ్డులోంచి తామర, తామరలోంచి బ్రహ్మ, బ్రహ్మ నుంచి లోకం అన్నది చిన్నప్పుడే విన్న కథ. ఇవతల ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను అందుకున్న రోజు కలియుగం ముగుస్తుందని కాలజ్ఞానం పేరున ఊరంతా చెప్పుకుంటారు. కొండంత ఎత్తుకు లేచిన నది, దాని అంచున తళుక్కుమనే ఒక చిన్న నగ. ఇంత బలమైన బొమ్మ ఊరి నాలుక మీదే ఉన్నప్పుడు, ఎనిమిది చేతులతో ఎనిమిది సరుకులు పట్టుకున్న గృహిణి బొమ్మ ఎవరిని ఆపుతుంది? ఎక్కువ చేతులు, ఎక్కువ తలలు, గాలిలో నడక, ఇవన్నీ ఇక్కడ భక్తి భాషలో భాగం. వాటిని వాడితే అయితే దేవుడి బొమ్మ అనిపిస్తుంది, లేకపోతే దేవుడి బొమ్మతో ఆటలాడినట్టు అనిపిస్తుంది. కరిగి జారే గడియారం కూడా అంతే. డాలీ చిత్రంలో దానికి ప్రాణం ఉంది. కళ్లద్దాల షాపు బోర్డు మీద అది ఎక్కడో చూసిన బొమ్మ, అంతే.

ఇక్కడ వింత కావాలంటే దేవతల వైపు కాదు, గిన్నెల వైపు చూడాలి. గుంటూరు మిర్చినే తీసుకుంటే, ఇప్పటిదాకా దాన్ని మంటగా, బాంబుగా, నోట్లోంచి వచ్చే నిప్పుగా వేశారు. అన్నీ అతిశయోక్తులే, అన్నీ అరిగిపోయినవే. దానికి బదులు మధ్యాహ్నం భోజనం వేళ ఒక మామూలు కంచం, అన్నం, పక్కన ఎర్రటి కారం. కంచంలోంచి ఆవిరి రావడం లేదు. పక్కనున్న మంచినీళ్ల గ్లాసులో మాత్రం నీళ్లు కుతకుత మరుగుతున్నాయి. కారణం కంచంలో, ఫలితం గ్లాసులో. అసంగతి అలంకారాన్ని కంచం పక్కన పెట్టినట్టు ఉంటుంది. ఆ గ్లాసు స్టీలుదే అయి ఉండాలి. గాజు గ్లాసైతే అది హోటలు భోజనం అవుతుంది, ఇల్లు పోతుంది. ఆ కంచం ఎలా ఉండాలో, కారం ఏ మూల వడ్డిస్తారో తెలియనివాడు ఈ బొమ్మ వేయలేడు. మామూలు ఎలా ఉంటుందో అణువణువూ తెలిస్తేనే ఒక్కచోట దాన్ని తప్పించడం కుదురుతుంది.

ఆచరణలో అడ్డం వచ్చేది వేరు. ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడికి ఇలాంటి ఊహ లేక కాదు. బొమ్మ పూర్తయ్యాక యజమాని వస్తాడు. పైన దేవుడు కావాలి, పక్కన నాన్నగారి ఫొటో కావాలి, మూడు ఫోన్ నంబర్లు, ఆషాఢం తగ్గింపు, కొత్త బ్రాంచి అడ్రసు. ఒక్కొక్కటీ వచ్చి చేరేకొద్దీ మరుగుతున్న గ్లాసు మూలకు జరుగుతుంది. యజమాని భయంలో న్యాయం ఉంది. పెట్టిన డబ్బు పెద్దది, అర్థం కాలేదని ఒక్కరు అన్నా గుండె జారుతుంది. కాని వింత బొమ్మకు చుట్టూ ఖాళీ కావాలి. పంజరంలో ప్యాకెట్ బొమ్మ పక్కన ధరల పట్టిక వేసి ఉంటే అది పంజరాల షాపు ప్రకటన అయ్యేది.

గత మూడు నాలుగేళ్లలో మరో మార్పు వచ్చింది. కృత్రిమ మేధ బొమ్మలు చేతికందాక వింత చాలా చవకైంది. మబ్బులతో చేసిన ఏనుగు, నీళ్లతో నేసిన చీర, బంగారపు చెట్టు, అడిగిన నిమిషంలో వస్తున్నాయి. వీటిలో చాలావాటికి ఒకటే లోపం, అన్నీ వింతగానే ఉంటాయి. గోడ వింత, వెలుగు వింత, మనిషి చర్మం వింత. తేడా తెలియాలంటే మామూలు ఉండాలి, అది ఆ బొమ్మల్లో లేదు. గోడల మీద, షట్టర్ల మీద బ్రష్షుతో బోర్డులు రాసిన పెయింటర్లను ఫ్లెక్సీ మిషను పక్కకు నెట్టేసింది. ఉన్నదాన్ని ఉన్నట్టు, హడావిడి లేకుండా వేసే ఆ చెయ్యే మాగ్రిట్ చెయ్యి కూడా. అలాంటివాళ్లు విజయవాడ, గుంటూరుల్లో ఇంకా ఉన్నారు. మరుగుతున్న గ్లాసు బొమ్మను వాళ్ల చేత గోడ మీద వేయించి చూడాల్సిన పని.

ఒక హద్దు మాత్రం విజయవాడ ఈమధ్యే నేర్పింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వీధుల్లో పడవలు తిరిగాయి. డాబాల మీద నిలబడ్డవాళ్లకు డ్రోన్లు ఆకాశంలోంచి అన్నం పొట్లాలు దించాయి. కృష్ణలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దుకుని అక్కడే ఇరుక్కున్నాయి. చూడటానికి ఏ సర్రియలిస్టూ ఊహించనంత వింత దృశ్యాలు. చూస్తున్నవాళ్లలో ఎవరికీ అవి కల కాదు.

తేమ పట్టని గోడ రంగుకో, వాటర్‌ప్రూఫింగ్‌కో ప్రకటన చేయమంటే ఏ డిజైనరుకైనా ముందు తట్టే ఊహ ఒకటుంది. హాలు నిండా నీళ్లు, నీళ్ల మీద తేలుతున్న సోఫా, సోఫాలో నిశ్చింతగా పేపరు చదువుకుంటున్న ఇంటాయన. ఊహ బాగుంది, పొంతన చెడిన వస్తువు ఒక్కటే, మిగతాదంతా మామూలు. పాఠం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. ఆ హోర్డింగును హైదరాబాద్‌లోనో ముంబయిలోనో పెడితే జనం చిరునవ్వుతో చూస్తారు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగేచోట పెడితే, దాని కింద నడిచి వెళ్లేవాళ్లలో తమ సోఫా అలాగే తేలడం చూసినవాళ్లుంటారు. తడిసిన సర్టిఫికెట్లను మంచాల మీద ఆరబెట్టుకున్నవాళ్లు, ఫ్రిజ్‌ను బయటకు లాక్కొచ్చి వీధిలో వదిలేసినవాళ్లు ఉంటారు. సెంట్ డిజియే ఆసుపత్రిలో బ్రెటన్ విన్న మాటలు కూడా అలాంటివాళ్లవే. ఆ బొమ్మకు ఈ ఊళ్లో చోటు ఉందో లేదో తేల్చుకోవడానికి డిజైనరు ఒక సాయంత్రం పాయకాపురం వరకు నడిచి, గోడల మీద ఇంకా ఉన్న నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూసి రావాలి.